మేరీ క్యూరీ: ప్రాణం తీసింది రేడియం కాదా? 60 ఏళ్ల తర్వాత శవపేటిక తెరిస్తే..

ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియన్ అద్దం వెనక్కో, పక్క గదిలోకో వెళ్లిపోవడం చూసే ఉంటారు. మేరీ క్యూరీకి ఆ జాగ్రత్త చెప్పేవాళ్లే లేరు.

1867లో వార్సాలో పుట్టిన మేరీ, చదువు కోసం పారిస్ వచ్చారు. భర్త పియరీతో కలిసి 1898లో పొలోనియం, రేడియం కనిపెట్టారు. ఓ పాత షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజాన్ని మరిగించి, వడకడితే.. నాలుగేళ్లకు చేతికొచ్చింది గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్! రాత్రిపూట ఆ గాజు గొట్టాలు మెరుస్తుంటే ఇద్దరూ చూసి మురిసిపోయేవారు.

ప్రమాదం అస్సలు తెలియదా అంటే.. అలానూ చెప్పలేం. పియరీ కావాలనే చేతికి రేడియం కట్టుకున్నారు. పుండు పడింది. మానడానికి వారాలు పట్టింది. మేరీ వేళ్ల చివర్లు గట్టిపడి నొప్పి పెట్టేవి. అయినా పని ఆగలేదు. జనమైతే ఇంకో అడుగు ముందుకేశారు. రేడియం క్రీములు ముఖానికి పూసుకున్నారు, రేడియం నీళ్లు తాగారు!

1903లో నోబెల్. 1906లో గుర్రపు బండి కింద పడి పియరీ మృతి. 1911లో రెండో నోబెల్.

అసలు మలుపు 1914లో. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే మేరీ ఎక్స్‌రే మెషీన్లను వ్యాన్లకెక్కించారు. డ్రైవింగ్ నేర్చుకుని యుద్ధరంగానికి వెళ్లారు. కూతురు ఐరీన్‌కు అప్పటికి 17 ఏళ్లే. సైనికుల ఒంట్లో బుల్లెట్ ఎక్కడుందో వెతుకుతూ, సరైన రక్షణ లేకుండానే గంటల తరబడి కిరణాల మధ్య నిలబడ్డారు. ఇప్పుడు ఒక ఛాతీ ఎక్స్‌రేకి పడే డోసు సుమారు 0.1 మిల్లీసీవర్ట్. నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేదే 2.4. మేరీ ఎంత భరించారో లెక్క రాసినవాళ్లు లేరు.

1934 జూలై 4న, 66 ఏళ్ల వయసులో అప్లాస్టిక్ అనీమియాతో కన్నుమూశారు. అంటే ఎముక మజ్జలో రక్తం తయారవడం దాదాపు ఆగిపోయింది. తప్పంతా రేడియందే అనుకున్నారు అందరూ.

కానీ 1995లో ఆమె భౌతికకాయాన్ని పారిస్‌లోని పాంథియన్‌కు తరలించేటప్పుడు నిపుణులు శవపేటికను పరీక్షించారు. ఒంట్లోకి రేడియం ఎక్కువగా వెళ్లి ఉంటే ఎముకల్లోనే ఉండిపోవాలి. తీరా చూస్తే దొరికింది చాలా తక్కువ. దాంతో అనుమానం యుద్ధంనాటి ఎక్స్‌రేల మీదికి మళ్లింది.

ఆమె నోటు పుస్తకాలకు మాత్రం రేడియం బాగానే అంటింది. వాటిని ఇప్పటికీ సీసపు పెట్టెల్లోనే దాచారు. ఆ రేడియం సగానికి తగ్గాలంటేనే 1600 ఏళ్లు పడుతుంది మరి.