గూడబాతుల లెక్క వ్రాసిన ఇంగ్లీషు మేష్టారు

ఈ ప్రత్యేక సంచికకు దివంగతులైన ఒక ప్రముఖుని జీవితం వ్రాయమని కార్యదర్శిగారు నాకు పురమాయించారు. డెల్టా వాణ్ణి గనుక కాటన్ దొరగారిని గురించి వ్రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. ఆ దొరగారిని గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను కేరళకు చెందిన ఒక ఇంగ్లీషు మేష్టారిని ఎంచుకున్నాను. ఆయన పేరు కె.కె. నీలకంఠన్. ఇందుచూడన్ అనే కలం పేరుతో మలయాళ దేశంలో సుప్రసిద్ధులు. ఆయనకు మొట్టమొదట పేరు తెచ్చినది మన పశ్చిమ గోదావరి జిల్లాయే. అయినా ఇక్కడ ఆయన్ను ఎరిగినవారు తక్కువ.

నీలకంఠన్ గారు 1923లో పాలఘాట్ ప్రాంతంలోని కావశ్శేరిలో జన్మించారు. చదివినది ఇంగ్లీషు సాహిత్యం. చేసిన ఉద్యోగం కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడం. పక్షుల పని జీతమిచ్చే పని కాదు, ఉద్యోగం పోగా మిగిలిన వేళల్లో చేసుకున్నది. ఇందులో ఆయన ఒంటరివారు కారు. మన దేశంలో పక్షిశాస్త్రం చాలావరకు ఉద్యోగస్తుల చేతుల మీదుగానే పెరిగింది. కాంగ్రెసు స్థాపనకు కారకుడైన హ్యూమ్ దొర సివిల్ సర్వీసు అధికారి, పక్షిశాస్త్రంలోనూ ఆయనది పెద్ద పేరే. బర్మా పక్షుల మీద గ్రంథం వ్రాసిన ఓట్స్ దొర అక్కడ పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేశాడు. పగలంతా అంచనాలూ, బిల్లులూ చూసుకొని ఈ పని ఎప్పుడు చేశారో అని నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

నీలకంఠన్ గారు మన కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల స్థావరాన్ని కనుగొన్నది 1946లో. అప్పటికి ఆయన వయస్సు ఇరవై మూడేళ్లు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది అయింది. యుద్ధకాలంలో తాడేపల్లిగూడెంలో వేసిన విమానాల రన్‌వే ఇంకా కొత్తది. మనది అప్పటికి మద్రాసు రాష్ట్రం, జిల్లాకు ముఖ్యపట్టణం ఏలూరు. తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి పల్లం వైపు దిగితే ఆరేడు అనే గ్రామం ఉంది. అక్కడ గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుతూ ఉండగా ఆయన చూశారు. పదీ ఇరవై కాదు, దాదాపు 3000 పక్షులు.

కొల్లేటి వారికి చెప్పనక్కరలేదు గాని, హైదరాబాదులోనూ అమెరికాలోనూ పెరుగుతున్న మన మనుమల కోసం ఈ పక్షిని గురించి నాలుగు ముక్కలు వ్రాస్తాను. గూడబాతు బూడిదరంగు కలిసిన తెల్లని పెద్ద పక్షి. రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులు ఉంటుంది. పొడుగాటి ముక్కు మీద వరుసగా మచ్చలు, ముక్కు కింద సంచిలా వేలాడే తోలు. వెనుక ఇద్దరు మనుషులు చెరొక పక్క నిలబడి తాళ్లు పట్టి గూడ వేసి చేలకు నీళ్లు తోడేవారు గదా, ఈ పక్షి నీళ్లలోకి ముక్కు ముంచి ఎత్తడం చూస్తే ఆ గూడే జ్ఞాపకం వస్తుంది. పేరు అందుకే వచ్చిందని నా ఊహ. సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది. సుమారు నెలరోజులు పొదగాలి. పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి చేపలు తింటుంది. ఆ పిల్ల ఎగిరిపోవడానికి మరి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే దాదాపు అరసంవత్సరం పాటు ఆ చెట్టును ఎవరూ కొట్టకూడదు, దగ్గరలో చేప దొరకాలి, మనుషులు రాళ్లు రువ్వకూడదు. తాటిచెట్లనూ, కొబ్బరిచెట్లనూ, ఊళ్లోని పెద్ద చెట్లనూ ఇది ఇష్టపడుతుంది. కనుక దాని బ్రతుకు పూర్తిగా ఊరివాళ్ల మంచితనం మీదనే ఆధారపడి ఉంటుంది.

మా మేనమామగారిది కొల్లేటి లంకల్లో ఊరు. వేసవి సెలవులకు వెళ్తే తాటిదోనెలో తిప్పేవారు. ఆ పక్షులు వాలే చెట్ల కింద నీచువాసనకు నేను ముక్కు మూసుకుంటే ఆయన నవ్వేవారు. ఆ చెట్ల కింది మట్టి చేలో చల్లితే వేరే ఎరువు అక్కరలేదని చెప్పేవారు. పక్షి వచ్చిందా, ఎన్ని వచ్చాయి అన్న ధ్యాస మాత్రం ఆయనకు గాని ఆ ఊళ్లో మరొకరికి గాని ఉండేది కాదు. ఏటా వచ్చేదాన్ని ఎవరు లెక్కపెడతారు?

లెక్కపెట్టినది పాలఘాట్ నుంచి వచ్చిన ఆ యువకుడు. ఆయన చూసినదంతా వ్యాసంగా వ్రాసి పంపగా, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి పత్రికలో 1949లో వెలువడింది. ఆ వ్యాసం ఎందుకు గొప్పదో తెలియాలంటే అంతకు ముందు సంగతి తెలియాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కడప జిల్లా బుచ్చుపల్లెలో ఇటువంటి స్థావరం ఒకటి ఉన్నట్లు వ్రాతలో ఉంది. తరువాత దాని జాడ లేదు. ఓట్స్ దొర 1877లో బర్మాలో సిట్టాంగ్ నది మైదానంలో లెక్కకందనన్ని గూడబాతులను చూశాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ మహాసమూహం కూడా మాయమైంది. దక్షిణ దేశంలో ఈ పక్షి ఎక్కడ పిల్లలను పెడుతున్నదో శాస్త్రజ్ఞులకు దాదాపు నలభై ఏళ్లు తెలియకుండా ఉన్న రోజుల్లో, ఆరేడులో ఉన్నదని ఆయన చూపించారు. ఇంకా కాలేజీ కుర్రవాడిలా ఉండే వయస్సులో ఇది చిన్న పని కాదు.

తరువాత జీవితం కేరళలో గడిచింది. 1958లో కేరళ పక్షులను గురించి మలయాళంలో పెద్ద గ్రంథం వెలువరించారు. దాని పేరు కేరళత్తిలె పక్షికళ్. ఇంగ్లీషు మేష్టారు అయి ఉండీ ఇంగ్లీషులో వ్రాయకుండా ఇంటి భాషలో వ్రాయడం నాకు చాలా నచ్చిన విషయం. పెరట్లో వాలిన పిట్టను పల్లెలో ఏమంటారో అడిగి తెలుసుకొని, శాస్త్రం చెడకుండా, కథలాగ చదివించే పద్ధతిలో వ్రాశారు. ఆ పుస్తకం చదివి పక్షుల వెంట పడినవారు కేరళలో రెండు మూడు తరాలవారు ఉన్నారు. సైలెంట్ వ్యాలీ అడవిని జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి కాపాడాలని 1970ల చివర ఉపాధ్యాయులూ, కవులూ గొంతెత్తినప్పుడు ఆయనా వారిలో ఉన్నారు. ప్రాజెక్టు ఆగిపోయి, 1984లో ఆ అడవి జాతీయ పార్కు అయింది.

అక్కడ అడవి నిలిచింది గాని, ఇక్కడ ఆయన కనుగొన్న పక్షుల స్థావరం నిలవలేదు. 1975 ప్రాంతానికి కొల్లేటి గూడబాతుల స్థావరం పూర్తిగా లేకుండా పోయింది. దీనికి చేపల చెరువులే కారణమని మనవాళ్లు సులువుగా చెప్పేస్తారు. సంవత్సరాలు చూడండి. చెరువులు కొల్లేటిని ముమ్మరంగా ఆక్రమించినది 1980లలో. పక్షి అంతకు ముందే వెళ్లిపోయింది. చెరువులు సరస్సుకు చేసిన చేటు తక్కువని నేను అనడం లేదు. చెరువుల మీద నెపం వేస్తే, అంతకు ముందు ముప్ఫై ఏళ్లలో ఊళ్లలో చెట్లు ఏమయ్యాయి, గూళ్ల జోలికి ఎవరు వెళ్లారు అన్న ప్రశ్న మరుగున పడుతుంది.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరినది ఆ రోజుల్లోనే. సర్వీసులో కొల్లేటి భూముల కాగితాలు నా చేతి మీదుగా చాలా నడిచాయి. సర్వే నంబర్లు, ఎకరాలు, కాంటూరు మట్టాలు, లీజులు, అర్జీలు అన్నీ ఉండేవి. నేను చూసిన కాగితాల్లో పక్షి అన్న మాట ఒక్కటి నాకు తగలలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదనీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవడం, ముంపు ఎంతవరకు వచ్చింది అన్నవాటితోనే సరిపోయేది. అప్పుడు నీలకంఠన్ గారి పేరు కూడా నేను వినలేదు. చాలా ఏళ్ల తరువాత, జంతుశాస్త్రం చదివే మా మనుమరాలు ఆయన వ్యాసం సంగతి చెప్పి, మీ జిల్లాయే తాతయ్యా అంటే, ఆరేడు పేరు చూసి నమ్మలేకపోయాను.

నీలకంఠన్ గారు 1992 జూన్ 14న కన్నుమూశారు. ఆ తరువాత జరిగినవి ఆయన చూడలేదు. 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రాంసార్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించింది. ఆ రోజుల్లో లంక గ్రామాలవారు పడిన బాధ, వారి జీవనోపాధి సంగతి వేరే వ్యాసానికి సరిపోతుంది. చెరువులు చాలాచోట్ల మళ్లీ వచ్చాయన్నదీ అందరికీ తెలిసినదే.

గూడబాతు మాత్రం తిరిగి వచ్చింది. కైకలూరు పక్కన ఆటపాక చెరువులో మట్టి దిబ్బలు పోసి, ఇనుప స్టాండ్లు నిలబెడితే, వాటి మీద గూళ్లు కడుతున్నది. చెట్టు లేని చోట ఇనుముతో సరిపెట్టుకుంది. ఆ దిబ్బలు నీళ్ల మధ్య దీవుల్లాగ ఉండడం వల్ల మనుషుల పోరు తక్కువ. ఈ రాక మంచి రాకేనా, పాతదానికి ఇది ఏపాటి అని ఎవరైనా తేల్చాలంటే, పోల్చుకోవడానికి పాత అంకె ఒకటి ఉండాలి. ఆ అంకె మనకు 1946లో ఆరేడులో వ్రాసుకున్న ఆ మేష్టారి లెక్కలోనే దొరుకుతున్నది.

ఆటపాక 2022 ఏప్రిల్ నుంచి కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చింది. పిల్లలు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తీసుకువెళ్లండి, గూళ్ల మీద పక్షులుండే కాలం అదే. ఏలూరు నుంచి కైకలూరుకు బస్సులు ఉన్నాయి. ఉదయం ఎండ ముదరక ముందే వెళ్లడం మన వయస్సువారికి మంచిది. మనుమల చేతికి ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి, ఎన్ని గూళ్లు కనిపిస్తాయో లెక్కపెట్టించి, తేదీ వేసి వ్రాయించండి.