దూరంగా నిలిచినవాని మొర

1813లో ఇటలీలోని రొంకోలె పల్లెలో పుట్టిన జ్యూసెప్పె వెర్డీ బాల్యంలోనే ఊరి దేవాలయంలో ఆర్గన్ వాయించాడు. తర్వాత ఒపెరాలతో, అంటే ఆద్యంతం పాటలతో నడిచే నాటకాలతో పేరు పొందాడు. కానీ 1838-1840 మధ్య కూతురు, కొడుకు, భార్య ఒకరి వెంట ఒకరు మరణించారు. పెద్దయ్యాక ఆయన ఆరాధనకు దూరంగానే ఉన్నాడు.

1868లో రొస్సీని చనిపోయినప్పుడు, సంగీతకర్తలందరూ కలిసి ఆయన స్మృత్యర్థం ఒక రెక్వియెమ్, అనగా మృతుల కొరకైన ఆరాధన సంగీతం కూర్చాలని వెర్డీ ప్రతిపాదించాడు. తన వంతుగా చివరి ప్రార్థనకు స్వరం కట్టాడు. అనుకున్న ప్రదర్శన జరగలేదు. 1873లో తాను ఎంతో గౌరవించిన రచయిత మంజోనీ మరణించాక, ఆ భాగాన్నే సవరించి, మిగతాదంతా వ్రాసి పూర్తిచేశాడు. 1874 మే 22న, మంజోనీ మొదటి వర్ధంతినాడు, మిలాన్‌లోని సాన్ మార్కో దేవాలయంలో గాయకులను, వాద్యబృందాన్ని తానే నడిపించాడు.

అందులో తీర్పు దినపు బూరలు ఉరుముతాయి. ముగింపులో మాత్రం ఒక స్త్రీ స్వరం, నిత్యమరణం నుండి విడిపించమని వేడుకుంటూ సన్నగిల్లి ఆగిపోతుంది. ఇది దేవాలయంలో ఆడిన ఒపెరాయేనని ఆనాడే కొందరు విమర్శించారు. మాకు అలా తోచదు.

మృతుల కొరకు ప్రార్థించడం మనలో చాలా సంఘాల ఆచారం కాదు. అయినా భూస్థాపన కూడికకు వచ్చి గేటు బయటే నిలబడే బంధువులు మనకూ ఉన్నారు. వారిలో ప్రార్థన లేదని మనం తీర్మానించవద్దు. సుంకరి దూరంగా నిలిచే మొరపెట్టాడు, దేవుడు ఆలకించాడు. ఈసారి మనమే గేటు దాకా వెళ్లి వారి చేయి పట్టుకుందాం.