సలీం అలీ

సలీం అలీ (నవంబరు 12, 1896 - జూన్ 20, 1987) ప్రముఖ భారతీయ పక్షి శాస్త్రవేత్త. పూర్తి పేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. భారతదేశమంతటా పక్షులపై క్రమబద్ధమైన క్షేత్ర సర్వేలు నిర్వహించిన తొలి భారతీయులలో ఆయన ముఖ్యుడు. 1931-32లో హైదరాబాదు సంస్థానంలో ఆయన జరిపిన సర్వే తెలంగాణ పక్షుల అధ్యయనానికి పునాది వంటిది. నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు అప్పట్లో ఆ సంస్థానంలో భాగాలు.

బాల్యం, విద్య

సలీం అలీ బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో జన్మించాడు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ళ వయసులో తల్లిని కోల్పోవడంతో మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగాడు. చిన్నతనంలో బొమ్మ తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. అది ఏ జాతి పిట్టో తెలుసుకొనడానికి బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళగా, అక్కడి కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ దానిని గుర్తించి, సొసైటీ సేకరించిన పక్షుల నమూనాలన్నిటినీ ఆ బాలునికి చూపించాడు. సలీం అలీ జీవితం మలుపు తిరిగింది ఆనాడే.

కాలేజీ చదువు మధ్యలో ఆపి, కుటుంబ వ్యాపారం నిమిత్తం బర్మాలోని టవాయ్ వెళ్ళాడు. అక్కడ గనుల పని కంటే అడవులలోని పక్షులే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. 1917లో తిరిగి వచ్చి, సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం అభ్యసించాడు. 1918లో తహ్మీనా బేగంను వివాహమాడాడు. విశ్వవిద్యాలయ పట్టా లేనందున జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం ఆయనకు దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు ప్రకృతి విజ్ఞానాన్ని వివరించే ఉద్యోగంలో చేరాడు. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెస్‌మన్ వద్ద శిక్షణ పొందాడు. హెలిగోలాండ్ పరిశోధన కేంద్రంలో పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగే పద్ధతిని కూడా నేర్చుకొన్నాడు.

గిజిగాడిపై పరిశోధన

1930లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి నిధుల కొరత వల్ల మ్యూజియంలోని ఆయన ఉద్యోగం రద్దయింది. ఆదాయం లేని ఆ సమయంలో దంపతులు బొంబాయి సమీపాన సముద్రతీర గ్రామమైన కిహీంకు మారారు. అక్కడి చెట్లపై గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతుండగా, సలీం అలీ మాటు వేసి నెలల తరబడి వాటిని గమనించాడు.

గుర్రం జాషువా ఖండిక ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన ఈ పక్షి తెలంగాణ పల్లెలలో బావుల మీదికి వంగిన ఈత, తుమ్మ చెట్లకు గూళ్ళు కడుతుంది. మగపక్షి గడ్డిపోచలతో గూటిని సగం వరకు అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితేనే అందులో చేరుతుంది. ఆ తరువాత మగపక్షి గొట్టం వంటి ప్రవేశద్వారంతో గూటిని పూర్తిచేసి, మరొక గూటిని ప్రారంభించి మరొక ఆడపక్షిని ఆకర్షిస్తుంది. గుడ్లను పొదిగేది ఆడపక్షే. ఒక మగపక్షి ఒకే ఋతువులో ఒకదాని తరువాత ఒకటిగా పలు ఆడపక్షులతో జతకడుతుందని సలీం అలీ వివరించాడు. 1931లో సొసైటీ పత్రికలో వెలువడిన ఈ వ్యాసం ఆయనకు శాస్త్రవేత్తగా గుర్తింపు తెచ్చింది.

హైదరాబాదు సంస్థాన సర్వే

ఆ కాలంలో భారతీయ పక్షుల అధ్యయనం ప్రధానంగా మ్యూజియం నమూనాలపై ఆధారపడి ఉండేది. పలు సంస్థానాల పక్షుల గురించి సమగ్రమైన సమాచారం లేదు. ఈ లోపాన్ని గుర్తించిన సలీం అలీ ఒక ప్రతిపాదన చేశాడు. ప్రయాణ, విడిది ఖర్చులు ప్రభుత్వం భరించినచో తాను జీతం లేకుండా సర్వే చేస్తానన్నాడు. నిజాం ప్రభుత్వం ఇందుకు అంగీకరించింది.

ఈ సర్వేలో నమూనాల సేకరణ కూడా ఉంది. ఇందుకు పక్షులను తుపాకీతో కొట్టక తప్పేది కాదు. అయితే పక్షి పేరు నమోదు చేయడంతో సలీం అలీ తృప్తి చెందలేదు. ఏ పక్షి ఎటువంటి అడవిలో ఉంటుంది, ఎప్పుడు గూడు కడుతుంది, ఏది స్థిరనివాసి, ఏది శీతాకాలపు అతిథి అనే వివరాలను కూడా సేకరించాడు. తహ్మీనా విడిదులలో ఆయనకు తోడుగా ఉండి సహకరించింది. ఫలితాలు ఇంగ్లాండుకు చెందిన హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో 1933-34లో సొసైటీ పత్రికలో ధారావాహికగా వెలువడ్డాయి.

తరువాతి దశాబ్దాలలో ఈ ప్రాంతంలో అడవులు తగ్గి, సాగు పెరిగింది. భూపాలపల్లి ప్రాంతంలో బొగ్గు గనులు వెలిశాయి. పాకాల, ఏటూరునాగారం అడవులు అభయారణ్యాలయ్యాయి. మార్పుకు ముందటి స్థితిని తెలిపే నమోదులు లేనిచో, ఏ పక్షి తగ్గినదో, ఏది కొత్తగా వచ్చినదో చెప్పడం సాధ్యం కాదు. ఈ సర్వే విలువ అందులోనే ఉన్నది. అనంతరం ఆయన తిరువాన్కూరు, కొచ్చిన్ తదితర సంస్థానాలలోనూ సర్వేలు నిర్వహించాడు.

వలస పక్షుల అధ్యయనం

1939లో తహ్మీనా ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం మరణించింది. ఆ దుఃఖం నుండి సలీం అలీ పని ద్వారానే కోలుకొన్నాడు. 1941లో ఆయన రచించిన ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వెలువడింది.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో కోతులకు, మనుషులకు క్యాసనూరు అటవీ వ్యాధి సోకింది. సైబీరియాలో పిడుదుల ద్వారా వ్యాపించే వ్యాధితో దానికి పోలిక ఉండడంతో వలస పక్షులపై అనుమానం కలిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో సొసైటీ వలస పక్షులకు ఉంగరాలు తొడిగే కార్యక్రమాన్ని చేపట్టగా, సలీం అలీ నాయకత్వం వహించాడు. ఉంగరంపై సంఖ్య, సొసైటీ పేరు ఉండేవి. దూరదేశాలలో దొరికిన పక్షుల ఉంగరాల వలన వాటి వలస మార్గాలు తెలియసాగాయి.

రచనలు, గౌరవాలు

ఎస్. డిల్లన్ రిప్లీతో కలిసి రచించిన పది సంపుటాల భారత, పాకిస్తాన్ పక్షుల గ్రంథం 1968-74 మధ్య వెలువడింది. ఆత్మకథ ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో 1985లో ప్రచురితమైనది. ఆయనకు 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు. భరత్‌పూర్ పక్షి కేంద్రం, కేరళలోని సైలెంట్ వ్యాలీ పరిరక్షణకు కృషి చేశాడు.

1987లో బొంబాయిలో మరణించాడు. ఆయన స్మారకంగా 1990లో కోయంబత్తూరులో సలీం అలీ పక్షిశాస్త్ర, ప్రకృతి చరిత్ర కేంద్రం ఏర్పడింది. పట్టా లేదని ఉద్యోగం దక్కని వ్యక్తి పేరిట నేడు ఒక జాతీయ పరిశోధన కేంద్రం ఉండటం విశేషం.