తరిగొండ వెంగమాంబ

వాయల్పాడు చేరువనున్న తరిగొండ గ్రామమున 1730 ప్రాంతమున వెంగమాంబ జన్మించెను. బాల్యముననే వివాహమయ్యెను, అచిరకాలముననే వైధవ్యము ప్రాప్తించెను. శ్రీవేంకటేశ్వరుడే తన పతియని నమ్మిన యామె కేశఖండనమున కంగీకరింపలేదు. పసుపు కుంకుమలను విడువలేదు. ఊరివారు నిందించిరి, ఆచారపరులు బాధించిరి. లోకమునకు వెరచి దైవమును మరచుట యామెకు సమ్మతము గాలేదు. తుదకు స్వగ్రామమును వీడి తిరుమల చేరెను. అచ్చటను ఆటంకములు తప్పలేదు. తుంబురుకోనలో పెక్కేండ్లు తపమొనరించెను. ఇన్ని యిక్కట్లలోను గంటము విడువక వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము మొదలగు గ్రంథములు రచించి, 1817లో పరమపదించెను. నాడు పలువురు నిందించిన యా సాధ్వి పేరిట నేటికిని తిరుమలలో ఏకాంతసేవవేళ ముత్యాలహారతి జరుగుచున్నది.