లెక్క అడగడం నేర్పిన బాబాసాహెబ్

అంబేద్కర్ అనగానే చేతిలో రాజ్యాంగంతో ఉన్న పటం మనకు గుర్తుకొస్తుంది. ఎం.కాం. చదువుతున్న నాకు మాత్రం ఆయన పద్దుల పుస్తకం ముందు కూర్చున్నట్టు కనిపిస్తారు.

ఆయన 1891 ఏప్రిల్ 14న మహూలో జన్మించారు. బడిలో ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదువుకున్నారు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1917లో తిరిగివచ్చి బరోడా కొలువులో చేరితే ఉండటానికి గది కూడా దొరకలేదు. బొంబాయిలో పెట్టుబడుల సలహాదారుగా పని మొదలుపెడితే, కులం తెలియగానే వచ్చేవాళ్లు రావడం మానేశారు.

ఆయన చదువు మానలేదు. 1918లో సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో అధ్యాపకుడయ్యారు. మళ్లీ లండన్ వెళ్లి 1923లో రూపాయి సమస్యపై డి.ఎస్సీ. సాధించారు. 1925 నుంచి 1928 వరకు బొంబాయిలోని బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం బోధించారు. అంటే లెక్కలు నేర్చుకునే మనలాంటి వాళ్లకు ఆయన నిజంగానే మాస్టారు!

పన్నుల గురించి ఆయన బాగా ఆలోచించారు. 1927లో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్‌పై మాట్లాడుతూ భూమిశిస్తును తప్పుపట్టారు. రాబడి లేనివాడికి ఆదాయపు పన్ను ఉండదు, పేద రైతుకు మాత్రం శిస్తు తప్పదు, ఇది అన్యాయమన్నారు. తర్వాత ఆయన ముసాయిదా కమిటీకి అధ్యక్షత వహించిన రాజ్యాంగంలో, చట్టం లేకుండా పన్ను వేయరాదని 265వ అధికరణం చెబుతోంది.

ఆడిట్‌కు ఆయన ఇచ్చిన స్థానం ఇంకా పెద్దది. 1949 మేలో రాజ్యాంగ సభలో, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ బహుశా అందరికన్నా ముఖ్యమైన అధికారి అని అభిప్రాయపడ్డారు. 148వ అధికరణం ప్రకారం ఆ అధికారిని తొలగించాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తొలగించే పద్ధతే పాటించాలి. ప్రజల డబ్బుకు కాపలా ఉండేవాడు ఎవరికీ భయపడకూడదు కదా! 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! టాక్స్ వైపు వెళ్లాలా, ఆడిట్ వైపు వెళ్లాలా అని ఏడాదిగా తేల్చుకోలేకపోయాను. టాక్స్‌లో త్వరగా నాలుగు డబ్బులు వస్తాయని సీనియర్లు చెప్పారు. మా ఇంటికి ఆ డబ్బు అవసరమే. కానీ మా నాన్న కూలిపనిలో మస్టరు మీద వేలిముద్ర వేసేవాడు. అందులో ఎన్ని రోజులు రాశారో ఆయనకు తెలిసేది కాదు. ఆ మస్టరు చదివే మనిషి ఇంటికొకరు కావాలి. అందుకే నేను ఆడిట్ ఎంచుకున్నాను. మీరు ఏది ఎంచుకున్నా, లెక్క అడగడం మానకండి. జై భీమ్!