మౌల్వీ అలావుద్దీన్ (రహ్మ): పాతికేళ్ళ సబ్ర్

కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు అకాల వర్షానికి తడిసినా, పత్తి కాయలో గులాబీ రంగు పురుగు కనిపించినా మన పల్లెల్లో పెద్దలు మొదట చెప్పే మాట సబర్ చేయమనే. అత్తింట బాధపడుతున్న ఆడపిల్లకూ అదే మాట చెబుతాం. వినేవారికి అది నోరు మూసుకోమన్నట్లు వినిపిస్తే తప్పు మాటది కాదు, దాన్ని అలా వాడే మనది. హజ్రత్ యాకూబ్ (అలైహిస్సలాం) సబ్ర్ చేస్తూనే, యూసుఫ్ (అలైహిస్సలాం)ను వెతకమని కుమారులను పంపారు కదా!

సబ్ర్‌లో ప్రయత్నమూ ఉంటుంది, ప్రయత్నాలన్నీ మూసుకుపోయాక నిలబడటమూ ఉంటుంది. హైదరాబాదుకు చెందిన మౌల్వీ సయ్యద్ అలావుద్దీన్ (రహ్మ) జీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి.

1857లో ఉత్తరాదిన ఆంగ్లేయులపై తిరుగుబాటు సాగుతోంది. వారి సైన్యాన్ని ధిక్కరించిన జమేదార్ చీదా ఖాన్, అతని సహచరులు ఆశ్రయం కోరి హైదరాబాదు వస్తే నిజాం ప్రభుత్వం పట్టుకొని రెసిడెన్సీకి అప్పగించింది. వారిని విడిపించాలని జూలై 17న, శుక్రవారం నాడు, ధర్మబోధకుడైన మౌల్వీ గారు, రోహిల్లా వీరుడు తుర్రేబాజ్ ఖాన్ దాదాపు 500 మందితో కోఠీలోని రెసిడెన్సీపైకి వెళ్ళారు. రాత్రంతా పోరు సాగింది. ఫిరంగుల ముందు నిలవలేక తెల్లవారేసరికి వెనుదిరిగారు.

తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకొని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర హతుడయ్యారు. మౌల్వీ గారు చాలాకాలం అజ్ఞాతంలో ఉండి చివరకు దొరికిపోయారు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. 1859 జూన్‌లో అండమాన్‌కు పంపారు.

ఆయన సెల్యులార్ జైల్లో ఉన్నారని కొందరంటారు. అది పొరపాటు. ఆ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. మౌల్వీ గారు వెళ్ళేనాటికి అక్కడి ఖైదీల స్థావరానికి ఏడాది వయసే. అడవి నరకడం, విషజ్వరాలు, చుట్టూ సముద్రం. అదే 1859లో అక్కడికి పంపబడిన మహాపండితుడు మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ (రహ్మ) 1861లోనే కన్నుమూశారు.

మౌల్వీ గారు బ్రతికారు. పాతికేళ్ళు! అంటే తొమ్మిది వేలకు పైగా ఉదయాలు. దెబ్బ తగిలిన తొలి క్షణంలోనే సబ్ర్ తెలుస్తుందని వింటూ ఉంటాం, నిజమే. ఆ క్షణంలో పట్టుకున్నదాన్ని చూసేవారు, మెచ్చేవారు లేని చోట ఏళ్ళ తరబడి వదలకుండా ఉండటం మరెంత కష్టం!

పంట పోయిన కౌలు రైతు ఇంటికి మూడు రోజులు అందరూ వస్తారు. నాలుగో నెలలో అప్పులవాడు తప్ప ఎవరూ రారు. పురుగుమందు డబ్బా మాత్రం ఇంట్లోనే ఉంటుంది. ఆ నెలలో అతడు ఫజ్ర్‌కు లేవడం, భార్యాబిడ్డలపై కోపం చూపకపోవడం, సిగ్గుపడకుండా నలుగురి సాయం అడగడం, ఇవన్నీ సబ్రే. ఆ నెలలో అతని తలుపు తట్టడం మాత్రం మన బాధ్యత.

మౌల్వీ గారు 1880లలో అండమాన్‌లోనే మరణించారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక! కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ పేరిట ఒక రోడ్డు ఉంది. నాటి రెసిడెన్సీ భవనంలో తర్వాతి కాలంలో మహిళా కళాశాల వెలిసింది.