నేల విడువని విమానము

చిలకలూరిపేట నుండి ఒంగోలునకు పోవు జాతీయ రహదారిమీద, కొరిశపాడు సమీపమున, రహదారియే విమానములు దిగు బాటగా నిర్మింపబడినది. ఆ బాట పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. 2024వ సంవత్సరము మార్చి 18వ తేదీన భారత వైమానిక దళమువారి రవాణా విమానములు అచ్చట దిగి, మరల ఆకాశమునకు ఎగసినవి. విమానము దిగుట చూచువారికి వేడుక. నడుపువానికి మాత్రము అది ఏమరుపాటునకు తావులేని ఘడియ. అతని చూపు బాటమీదనే కాక, ఎదుటనున్న రెండు సాధనములమీదను నిలువవలెను. గడియారమువలె ముళ్ళుగల ఆ సాధనములలో ఒకటి విమానము ఎంత వేగముతో గాలిని చీల్చుకొని పోవుచున్నదో తెలుపును. రెండవది ఎంత ఎత్తున ఉన్నదో తెలుపును. ఆ ముళ్ళను చదువుట పూర్వము ఆకాశముననే నేర్వవలసి యుండెను. అచ్చట పొరపడినవానికి రెండవ పాఠము దొరకుట అరుదు. ఆ విద్యను నేలమీదనే, ప్రాణభయము లేకుండ నేర్చుకొనుటకు మార్గము చూపినవాడు ఎడ్విన్ లింకు.

ఎడ్విన్ ఆల్బర్టు లింకు 1904వ సంవత్సరము జూలై 26వ తేదీన అమెరికా దేశమున, ఇండియానా రాష్ట్రములోని హంటింగ్టను పట్టణమున జన్మించెను. ఆయన బాల్యముననే తండ్రి కుటుంబముతో న్యూయార్కు రాష్ట్రములోని బింగ్‌హాంటను నగరమునకు తరలివచ్చి, పియానోలను, ఆర్గనులను తయారుచేయు కర్మాగారమును నడుపసాగెను. ఆర్గను అనునది గొట్టములలోనికి గాలిని పంపి నాదము పుట్టించు పెద్ద వాద్యము. మన పద్యనాటకములలో వినిపించు హార్మోనియమునకు అది పెద్దన్న వంటిది. హార్మోనియమునకు తిత్తి ఉన్నట్లే ఆర్గనునకును తిత్తులు, గాలిగొట్టములు, గాలిని విడుచుటకును ఆపుటకును మూతలు ఉండును. బాలుడైన లింకు వీని మధ్యనే పెరిగి, వాద్యములను విప్పి బాగుచేయుటలో నేర్పు సంపాదించెను.

1920లో, పదునారేండ్ల ప్రాయమున, లింకు కాలిఫోర్నియాలో మొట్టమొదటి విమాన పాఠమునకు పోయెను. పాఠము చెప్పవలసిన వైమానికుడు ఆ బాలుని కూర్చుండబెట్టుకొని ఆకాశమున గిరగిర తిప్పెను. తలక్రిందులుగా పల్టీలు కొట్టించెను. తుదకు క్రిందికి దింపెను. అంతసేపును లింకు చేతికి ఒక్కమారైనను విమానపు పట్టు ఇయ్యలేదు. ధనము వ్యయమైనది గాని విద్య అబ్బలేదు. అయినను ఆయన నిరాశ చెందలేదు. పని చేసికొనుచు, కూడబెట్టిన సొమ్ముతో కొంచెము కొంచెముగా నేర్చి వైమానికుడయ్యెను. విమానవిద్య ధనవంతులకే గాక సామాన్యులకును అందవలెనన్న కోరిక నాడే ఆయన మనస్సున నాటుకొనెను.

ఆ కోరిక ఫలించుటకు తండ్రి కర్మాగారమే తోడ్పడెను. 1927 మొదలు 1929 వరకు లింకు ఆ కర్మాగారపు నేలమాళిగలో కూర్చుండి ఒక వింత యంత్రమును నిర్మించెను. అది పొట్టి రెక్కలు, చిన్న తోక గల విమానపు బొమ్మ. ఒక మనిషి కూర్చుండుటకు మాత్రము అందు చోటు కలదు. దానిని పీఠముపై నిలిపి, అడుగున ఆర్గను తిత్తులను అమర్చెను. విద్యుత్తుతో నడచు పంపు ఆ తిత్తులలోని గాలిని పీల్చును. లోపల కూర్చున్నవాడు చేతికర్రను కుడికి వంచినచో ఒక తిత్తి ముడుచుకొని వేరొకటి పొంగును. యంత్రము కుడికి ఒరగును. కర్రను వెనుకకు లాగినచో ముక్కు పైకి లేచును. నాదము పుట్టించు గాలితోనే లింకు విమానపు ఒరుపులను, ఊపులను కల్పించెను. 1931లో ఆ యంత్రమునకు పేటెంటు లభించెను.

లోకము వెంటనే దానిని గుర్తింపలేదు. సైన్యాధికారులు పెద్దగా ఆసక్తి చూపలేదు. వినోదశాలలవారు కొన్ని యంత్రములను కొనిరి. జనులు రుసుము చెల్లించి, ఎక్కి, ఊగి, నవ్వుకొని పోయిరి. అదే కాలమున మాటలాడు చలనచిత్రములు వచ్చుటచే నాటకశాలలలో ఆర్గనుల వాడుక తగ్గెను. దేశమంతట ఆర్థిక మాంద్యము వ్యాపించెను. లింకు విమానపు రెక్కల క్రింద విద్యుద్దీపములతో ప్రకటనలు అమర్చి, రాత్రులు పట్టణములమీద ఎగురుచు జీవనము సాగించెను. ఆ దీపములు వెలుగుటకును ఆరుటకును పియానోలను నడుపు రంధ్రముల కాగితపు చుట్టలనే వాడుకొనెను. కష్టకాలమునను ఆయన తన యంత్రమును విడువలేదు. దానికి మెరుగులు దిద్దుచునే యుండెను.

ఆ మెరుగులలో ముఖ్యమైనది కంటికి బయటి దృశ్యము కనబడకుండ, ముళ్ళను మాత్రమే చూచి విమానము నడుపుట నేర్పు ఏర్పాటు. దీని అవసరమేమో తెలియవలెనన్న ఒక ప్రమాదమును ఎరుగవలెను. మబ్బులో చిక్కుకొన్న వైమానికునికి భూమి, ఆకాశము రెండును కనబడవు. మనకు ఒరుపును తెలుపునది చెవి లోపలి భాగము. విమానము మెల్లమెల్లగా ఒరిగినచో అది ఆ మార్పును గ్రహింపజాలదు. విమానము ఒక ప్రక్కకు ఒరిగి సుడులు తిరుగుచు దిగిపోవుచున్నను, నేరుగా పోవుచున్నాననియే వైమానికుడు భ్రమించును. అట్టి వేళ శరీరము అబద్ధము చెప్పును. ముల్లు నిజము చెప్పును.

ఆ ముళ్ళు ఎట్లు పనిచేయునో చూతము. విమానము ముందుకు పోవునపుడు ఎదురుగాలి ఒక సన్నని గొట్టపు నోటిని తాకి ఒత్తిడి కలిగించును. 1732లో ఫ్రెంచి దేశస్థుడైన హెన్రీ పీటో సీన్ నది ప్రవాహవేగమును కొలుచుటకు ఇట్టి గొట్టమును వాడెను. కావుననే దానికి పీటో గొట్టమని పేరు. ఎదురుగాలి ఒత్తిడికిని, చుట్టునున్న గాలి ఒత్తిడికిని గల భేదమును బట్టి వేగపు ముల్లు కదలును. ఇక ఎత్తును తెలుపు సాధనములో గాలి చొరరాని పలుచని లోహపు డబ్బీ ఉండును. పైకి పోవుకొలది బయటి గాలి ఒత్తిడి తగ్గును, డబ్బీ ఉబ్బును, ముల్లు తిరుగును.

ఈ రెండు ముళ్ళను విడివిడిగా గాక కలిపి చదువవలెను. అట్లతద్దినాటి ఉయ్యాలను తలచుకొనుడు. అది పైకి పోవుకొలది వేగము తగ్గును. క్రిందికి వచ్చుకొలది వేగము హెచ్చును. విమానము సంగతియు అంతియే. ఎత్తు తగ్గుచు వేగము పెరుగుచున్నచో విమానపు ముక్కు క్రిందికి వంగినదని తెలియవలెను. ఎత్తు పెరుగుచు వేగము తగ్గుచున్నచో ముక్కు మిక్కిలి పైకి లేచినదని, రెక్కలు విమానమును మోయలేని స్థితి సమీపించుచున్నదని గ్రహింపవలెను. లింకు యంత్రములో మూత మూసికొని కూర్చున్న విద్యార్థి ఈ పాఠమును గంటలకొలది సాధన చేయగలిగెను. అతడు పొరపడినను యంత్రము పీఠమును విడువదు. గురువు తప్పు చూపును. శిష్యుడు మరల ప్రారంభించును.

1934వ సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము విమానములలో తపాలా చేరవేయు పనిని సైన్యమునకు అప్పగించెను. శీతకాలపు మంచులో, మబ్బులో, ముళ్ళను నమ్మి ఎగురు అలవాటు చాలని యువవైమానికులు పదిమందికి పైగా మరణించిరి. దేశము దుఃఖించెను. అప్పుడు సైన్యాధికారులు లింకు యంత్రమును పరీక్షింపనెంచి, న్యూవార్కు విమానాశ్రయమునకు రమ్మని ఆయనకు వర్తమానము పంపిరి. ఆ దినమున పొగమంచు దట్టముగా కమ్మెను. ఇట్టి వేళ ఆయన రాజాలడని అధికారులు తలచుచుండగా, లింకు ముళ్ళనే నమ్మి, మంచును చీల్చుకొని వచ్చి క్షేమముగా దిగెను. వేరొక సాక్ష్యముతో పని లేకపోయెను. ఆ జూను మాసమున సైన్యము ఆరు యంత్రములను, ఒక్కొక్కటి 3,500 డాలర్లకు, కొనెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ యంత్రములు వేలకొలది తయారైనవి. నీలిరంగు పూయబడియుండుటచే వీనికి నీలి పెట్టెలని పేరు వచ్చెను. అమెరికాలోను మిత్రదేశములలోను 5 లక్షలకు పైగా వైమానిక సిబ్బంది వీనిలో శిక్షణ పొందిరి. నేలమాళిగలో పుట్టిన బొమ్మ విమానము ఎందరి ప్రాణములు కాపాడెనో లెక్కింప నెవ్వరి తరము?

1954లో లింకు తన సంస్థను వేరొక సంస్థలో విలీనము చేసి, సముద్రగర్భ పరిశోధనకు పూనుకొనెను. మానవుడు లోతునీటిలో నివసించుటకు తగిన పాత్రలను, జలాంతర వాహనములను నిర్మించెను. 1973 జూను మాసమున అట్టి వాహనమొకటి ఫ్లోరిడా తీరమున మునిగిన నౌక శిథిలములలో చిక్కుకొనెను. లోపలి గాలి చెడి, ఆయన కుమారుడు క్లేటను లింకు, మరియొకడు మరణించిరి. అంతటి పుత్రశోకములోను ఆ వృద్ధుడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నీటిలో చిక్కిన వాహనములను విడిపించుటకు, మనిషి ఎక్కనవసరము లేని యంత్రమును కల్పించుటయందు శేషజీవితములో కొన్నేండ్లు వినియోగించెను. 1981 సెప్టెంబరు 7వ తేదీన బింగ్‌హాంటనులో కన్నుమూసెను.

మరుసటి ఏడాది, అనగా 1982లో, మైక్రోసాఫ్టు సంస్థ ఇంటి కంప్యూటరులో విమానము నడుపు సిమ్యులేటరును వెలువరించెను. ఇట్టివి పలువిధములుగా వృద్ధిచెందినవి. నేడు ఏ చిన్న పట్టణపు బాలుడైనను, బాలికయైనను తెరమీద విమానము నడుపవచ్చును. అయినను ముళ్ళ భావము తెలియనిచో అది ఆటయే గాని విద్య కాదు. ఎత్తు ముల్లు సాధారణముగా సముద్రమట్టము నుండి లెక్కించును. చిలకలూరిపేట సమీపమునగల కొండవీటి కొండలమీదుగా పోవునపుడు, అది చూపు ఎత్తంతయు కొండశిఖరమునకును విమానమునకును నడుమనున్న ఎడము కాదు. బంగాళాఖాతమున వాయుగుండము ఏర్పడి గాలి ఒత్తిడి తగ్గినచో, ముల్లును ఆనాటి ఒత్తిడికి సరిచేయవలెను. లేనిచో విమానము ఉన్నదానికంటె ఎక్కువ ఎత్తున ఉన్నట్లు చూపును.

వేగపు ముల్లు సంగతి మరియు వింత. పైకి పోవుకొలది గాలి పలుచబడును గనుక, 10,000 అడుగుల ఎత్తున ముల్లు గంటకు 100 మైళ్ళు చూపినపుడు, గాలిలో విమానపు నిజమైన వేగము సుమారు 116 మైళ్ళు. వెనుకనుండి 20 మైళ్ళ గాలి వీచుచున్నచో నేలమీద లెక్కకు వేగము 136 మైళ్ళగును. మూడును సత్యములే. రెక్కలు విమానమును మోయగలవో లేవో తెలిసికొనుటకు ముల్లు చూపు వేగము కావలెను. గమ్యము ఎప్పుడు చేరుదుమో తెలిసికొనుటకు నేలమీది వేగము కావలెను. ఏ ప్రశ్నకు ఏ అంకె సమాధానమో ఎరుగుటయే జ్ఞానము.

మనస్సునకు తోచినదెల్ల నిజము కాదు; అంకె కనబడగనే దాని అర్థము తెలిసినట్లును కాదు. కొలిచి, కొలత భావమును గ్రహించి, తప్పులను నేలమీదనే దిద్దుకొనినవాడు ఆకాశమున తడబడడు. ఎడ్విన్ లింకు జీవితము మనకు నేర్పు పాఠమిదియే.